రొట్టె ఒక పక్క మందం

మొన్న కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే దారిలో కొత్తగా పెట్టిన ఒక హోటలుకు మా మేనకోడలు నన్ను తీసుకుపోయింది. అక్కడ సీమ వంటలు చేస్తారట. ఏసీ గాలి సరిగ్గా నా నెత్తి మీదికే వచ్చే బల్ల ఇచ్చారు. పక్క బల్ల అడిగితే అది ఆరుగురు కూర్చునేది అన్నారు. మేము తినడం మొదలుపెట్టినప్పటి నుంచి చేతులు కడుక్కునే దాకా ఆ బల్ల దగ్గరికి ఒక్క మనిషీ రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను. జొన్నరొట్టె తెచ్చారు. కంపాసు పెట్టి గీసినట్టు గుండ్రంగా ఉంది. వెల్లుల్లి కారం, పప్పు, వంకాయ కూర చిన్న చిన్న గిన్నెల్లో వచ్చాయి. ఆ గిన్నెల్లో నా వేళ్ళు రెండు దూరితే మూడోది బయటే ఉండాలి. అన్నీ అయ్యాక మేనేజరు ఒక అట్టముక్క, ఒక పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టాడు. రుచి, శుభ్రత, మర్యాద అని మూడు మాటలు, వాటికి ఎదురుగా గళ్ళు. అడుగున మీ అభిప్రాయం అని రెండు గీతలు. రెండే గీతలు. ఇంకో కాగితం ఉందా అని అడిగాను. మా మేనకోడలు నా మోచేతిని మెల్లగా పట్టుకొని, మామా, వద్దులే అంది. ఇంట్లో అందరూ నాతో అనే మాటే అది. నేను పెన్సిలు కింద పెట్టలేదు, రాయడమూ మొదలుపెట్టలేదు. రెండు గీతల్లో ఏది పడుతుందో ఆలోచిస్తూ కూర్చున్నాను. అలా కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చిన సంగతి ఇది. ఆ రెండు గీతల్లో పట్టేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. నేను మరిచిపోను. కడపలో మా పెద్దమ్మ ఇంట్లో ఉగాది నాడు ఆమె అందరికీ గుండ్రటి ఓళిగలు, అంటే బొబ్బట్లు, వేసి నాకు మాత్రం పెనానికి అంటుకొని చిరిగినది వేసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆ చిరుగు ఏ వైపు ఉండిందో ఇప్పటికీ చెప్పగలను. కడపలోనే ఒక కారం దోశల హోటల్లో నా తర్వాత వచ్చిన మనిషికి నాకంటే ముందు చట్నీ పోసిన సర్వరును, మళ్ళీ ఐదేళ్ళకు ప్రొద్దుటూరులో బస్సు ఎక్కుతుంటే గుర్తుపట్టి అడిగాను. పాపం, అతనికి గుర్తు లేదు. అది అతని తప్పు. మా దాయాదుల ఇంట పెళ్ళిలో నెయ్యి గరిటె నా విస్తరి దాటిపోయింది. పొరపాటు అన్నారు. పొరపాటే అయితే నా ఎడమ పక్క కూర్చున్న వాడికి రెండుసార్లు ఎట్లా పడింది? ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజుల్లో నాకు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఊరికి రాజధాని అయితే వచ్చింది గాని, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. డేరాలు వేశారు. ఫైళ్ళు డేరాల్లో, మేము డేరాల్లో, అధికారులు దొరికిన మేడల్లో. గాలి లేస్తే కాగితాల మీద రాళ్ళు పెట్టుకొని వాటి మీద మోచేతులు ఆనించి రాసేవాళ్ళం. ఎండకు సిరా దవాతులో గట్టిపడేది. నా డేరాలో ఇంకొక మంచం గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తాది. మనిషి మంచివాడే. కాని నవ్వు ఎక్కువ, అందులోనూ ఆలస్యంగా నవ్వుతాడు. అందరూ నవ్వి ఆపేశాక అతనిది మొదలయ్యేది. ఆ ఒక్కడి నవ్వు డేరాలన్నిటికీ వినిపించేది.

సర్కారు జిల్లాల నుంచి, మద్రాసు నుంచి వచ్చిన వాళ్ళందరికీ మధ్యాహ్నం అయ్యేసరికి ఒకటే దిగులు. ఏం తినాలి, యాడ తినాలి. నేను కడప వాణ్ణి, కర్నూల్లో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నవాణ్ణి గనక వాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఒక అరఠావు మీద రాసి మా డేరా గుంజకు దబ్బనంతో గుచ్చాను. అందులో నేను దాచిందేమీ లేదు. బస్సులు ఆగే చోట ఉగ్గాని బాగుంటుంది, బొరుగులు సరిగా పిండుతాడు, పప్పులపొడి పైన ఒలకబోయకుండా లోపల కలుపుతాడు, బజ్జీలో మిరపకాయ మాత్రం పేరుకే ఉంటుంది. పాతూర్లో సాయిబు హోటల్లో పాయా తినదలచినవాళ్ళు తెల్లవారకముందే పోవాలి, ఆలస్యమైతే ‘ఖతం అయిపాయె అన్నా’ అని గిన్నె బోర్లించి చూపిస్తాడు, చూపించడంలో అతనికి ఒక సంతోషం ఉంది. బురుజు దగ్గర కాఫీ హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉంటుంది, అయితే యజమాని ముఖం చూడకుండా తినాలి. ఇట్లా. వారం వారం మార్చి రాసేవాణ్ణి. పొద్దున ఆఫీసుకు పోయే ముందు జనం మా డేరా ముందు నిలబడి చదువుకొని పోయేవాళ్ళు. నేను లోపల గడ్డం గీసుకుంటూ ఏమీ ఎరగనట్టు ఉండేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ వాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ అరఠావులో ఎప్పుడూ మొదటి వరసలో ఉండేది రొట్టెలక్క. ఆమె అంగడికి పేరూ బోర్డూ లేవు. హంద్రీ వైపు పోయే దారిలో ఒక పాడుబడిన గోడకు ఆనించి ఈతచాపలతో వేసిన చిన్న పందిరి. నందికొట్కూరు పక్క పల్లె నుంచి వానలు లేని రెండేళ్ళ తర్వాత మొగుడూ పెళ్ళామూ వచ్చి అక్కడ పొయ్యి పెట్టుకున్నారు. ఆమె మాటకారి. ఆయన మాట్లాడగా నేను వినలేదు. తుంగభద్ర నుంచి కావడితో నీళ్ళు మోయడం ఆయన పని. రొట్టెల అంగట్లో నీళ్ళు ఎన్ని కావాలో తినేవాళ్ళకు తెలియదు. పిండి తడపడానికి, తట్టడానికి, పెనం మీద అద్దడానికి, తిన్నవాళ్ళకు తాగడానికి. ఆ పెద్దమనిషి మోకాళ్ళు కీచుమనేవి. నేను విన్నాను, నిజంగానే చప్పుడు వచ్చేది.

జొన్నరొట్టె గురించి తెలియని వాళ్ళు కూడా చదువుతారు గనక రెండు మాటలు. జొన్నపిండిని మరిగే నీళ్ళతో తడపాలి. వేడి చాలకపోతే అంచులు పగులుతాయి. తడిపిన పిండిని చేతి మడమతో మర్దించి, చెక్క పీట మీద పెట్టి కుడి అరచేత్తో తట్టాలి, ఎడమ చెయ్యి దాన్ని తిప్పుతూ పోవాలి. ఆ తట్టే చప్పుడు వింటేనే పిండి పదునెట్లా ఉందో చెప్పవచ్చు. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో అద్ది, తిప్పి, చివర నిప్పుల పక్కన నిలబెడితే పొంగుతుంది. కాలిన తర్వాత కూడా వేళ్ళ గుర్తులు సన్నగా కనిపిస్తాయి. మా ఇంట్లో మా నాయనమ్మ వెలుతురుకు పట్టి చూసి, ఇది పెద్ద కోడలిది, ఇది నడిపి కోడలిది అని ఒక్కటి తప్పకుండా చెప్పేది. మా చిన్నమ్మది ఎడమచేతి వాటం. ఆమెను పీట దగ్గరికే రానిచ్చేది కాదు. ఎడమ చేత్తో తట్టిన రొట్టె మగవాళ్ళ పళ్ళెంలో వెయ్యకూడదు. చిన్నమ్మ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కట్టెలు, నీళ్ళు మాత్రమే చూసుకుంది. అప్పట్లో అది మాకెవరికీ విడ్డూరంగా తోచలేదు. అంత పట్టింపు ఉన్న ఇంటి నుంచి వచ్చిన నేను చెబుతున్నాను, రొట్టెలక్క రొట్టె అంచు నుంచి అంచు దాకా ఒకే పల్చన. గుర్తులు అన్నీ ఒకే వైపుకు, గాలికి వాలిన చేను మాదిరి. దాంతో పాటు చెనిక్కాయల ఊరిబిండి. వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో వేసి నూరేది.

అట్లాంటి రోజుల్లో ఒక కబురు పుట్టింది. మా ఆఫీసు ఆవరణలో గుమాస్తాల కోసం ఒక తిండి షెడ్డు వేస్తారు, రేకుల కప్పు, సిమెంటు గచ్చు, పక్కనే కొళాయి, దాన్ని ఊళ్ళో వంట చేసుకుని బతికేవాళ్ళలో ఒకరికి ఇస్తారు అని. రేకులు రావడం నేనే చూశాను. రొట్టెలక్క రోజూ అడిగేది. షెడ్డు ఎంత వెడల్పు, పొయ్యి ఏ మూల అనేది ఆమెకు పట్టలేదు. కొళాయి గురించే అడిగేది. నీళ్ళు రోజంతా వస్తాయా, తిప్పితే వస్తాయా అని. వచ్చిన వాళ్ళందరితో చెప్పేది, "అది మాకొస్తే మా ఆయనకు కావడి దిగుతాది సామీ. ఇంకేం వద్దు." ఆయన ఆ మాట విననట్టు బిందెలు దించుకొని మళ్ళీ ఏటికి పోయేవాడు.

ఇప్పుడు నాకు జరిగిన అవమానం. ఒక మధ్యాహ్నం పందిరి కింద పన్నెండు మంది దాకా ఉన్నాం. నేను ఊరిబిండి నాలుక మీద వేసుకొని, చింతపండు తగ్గింది అన్నాను. తగ్గింది గనకే అన్నాను. ముందు రోజు ఉప్పు సంగతి, అంతకు ముందు రోజు మిరపకాయ సంగతి చెప్పి ఉన్నమాట నిజమే. ఆమె రొట్టె తడుతూ తల ఎత్తకుండా, "ఏమప్పా కడప సామీ, సర్కారోళ్ళు ఉద్యోగం నీకిచ్చినారా, నీ నాలికెకిచ్చినారా?" అంది. పన్నెండు మందీ నవ్వారు. ఆయన కూడా కావడి భుజాన ఉండగానే నవ్వాడు. ఆ మనిషి పళ్ళు నేను చూసింది అదొక్కసారే. అందరూ ఆపేశాక మా గుంటూరు గుమాస్తా మొదలుపెట్టాడు. రొట్టె సగం వదిలి లేచి వచ్చేశాను.

తొమ్మిది రోజులు ఆ దారి తొక్కలేదు. గుంటూరు గుమాస్తాతోనూ మాట్లాడలేదు. పది అడుగుల డేరాలో ఇద్దరు మనుషులు తొమ్మిది రోజులు మాట్లాడుకోకుండా ఉండాలంటే మాటలు కాదు. దీపం అతను ఆర్పితే నేను వెలిగించేవాణ్ణి, ఆర్పొద్దని చెప్పలేక. గుంజ మీద కాగితంలో రొట్టెలక్క పేరు తీసెయ్యలేదు, న్యాయంగా ఉండాలి గదా అని. నాలుగో వరసకు దించాను.

పదో రోజు మా సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. మద్రాసు నుంచి వచ్చిన మనిషి. కాఫీ విషయంలో తప్ప ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. షెడ్డు కోసం ఇద్దరి పేర్లు వచ్చాయి, ఒకటి బురుజు దగ్గర కాఫీ హోటలాయన, రెండోది ఎవరో రొట్టెలు చేసే ఆమె అన్నాడు. ఊళ్ళో తిండి గురించి నువ్వు ఏదో రాస్తావట గదా, ఆ ఇద్దరిదీ రుచి చూసి ఒక రిపోర్టు ఇవ్వు అన్నాడు. నా అరఠావు ఆయన దాకా పోయిందని నాకు అప్పుడే తెలిసింది. డేరా నుంచి డేరాకు వచ్చే ఆ వంద అడుగులూ నేను నేల మీద నడవలేదు.

అయినా ఆమె అంగడికి పోవడానికి మనసు రాలేదు. నాకు పని ఇచ్చారా, నా నాలుకకు ఇచ్చారా అన్న ఆమె దగ్గరికి, నిజంగానే నాలుకకు పని ఇచ్చాక నేనే పోయి నిలబడాలా? ఒక చీటీ మీద రెండు రొట్టెలు కావాలి అని రాసి గుంటూరు గుమాస్తా మంచం మీద పెట్టాను. అతను పోయి తెచ్చాడు. ఆకులో చుట్టిన పొట్లం నా పక్కన పెట్టి, పోకుండా నిలబడి, "ఒక్క మాట చెప్పాలండీ, అక్క చేతికీ..." అని మొదలుపెట్టాడు. నేను చెయ్యి ఎత్తి ఆపేశాను. "రుచి చూసేవాడికి ముందుగా ఎవరూ ఏమీ చెప్పగూడదు" అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత నేను అతనితో మాట్లాడిన మొదటి మాట అది. అతను ఇంకోసారి నోరు తెరిచి, నా ముఖం చూసి, బయటికి పోయాడు.

పొట్లం విప్పాను. రొట్టె ఒక పక్క పల్చన, ఒక పక్క మందం. మందంగా ఉన్న వైపు సరిగా కాలలేదు. డేరా గుమ్మం దగ్గరికి తీసుకుపోయి మా నాయనమ్మ మాదిరి వెలుతురుకు పట్టాను. వేళ్ళ గుర్తులు ఎప్పుడూ వాలే వైపుకు లేవు. ఇటు వాలాల్సినవి అటు వాలాయి, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాకున్న కళ్ళకు అన్నీ కనిపించాయి. కాఫీ హోటలు ఇడ్లీ గురించి ఎప్పటి మాటే రాసి, రొట్టె గురించి నాలుగు వాక్యాలు రాశాను. రొట్టె ఒక పక్క మందంగా ఉంది. మందం ఉన్న పక్క సరిగా కాలలేదు. వేళ్ళ గుర్తులు వరసలో లేవు. తట్టిన మనిషికి పని మీద శ్రద్ధ తగ్గినట్టు కనిపిస్తున్నది. మొదటి మూడు వాక్యాలకు ఇవాళ కూడా సంతకం పెడతాను. నాలుగోదానికే పెట్టలేను. అప్పుడు పెట్టాను.

షెడ్డు కాఫీ హోటలాయనకు పోయింది. ఆ సంగతి నోటీసు బోర్డు మీద అంటించిన మర్నాడు, ఇక లెక్క సరిపోయింది గదా అనుకొని రొట్టెలక్క దగ్గరికి పోయాను. ఎందుకు పోయానని అడిగితే సరిగా చెప్పలేను. నా మాటకు ఎంత బరువు ఉందో ఆమె ముఖంలో చూడాలని కావచ్చు. ఆకలి కూడా అయింది. ఆఫీసు వేళ గనక పందిరి కింద ఎవరూ లేరు. గోనెపట్టా ఒకటి అడ్డంగా కట్టి ఉంది, ముందు అది ఉండేది కాదు. దాని పక్క నుంచి వంగి చూశాను. ఆమె కుడి చేతికి మోచేతి దాకా పాత చీర పీలికలు చుట్టి ఉన్నాయి. ఆ చేతి మణికట్టుతో రొట్టెను తిప్పుతూ, ఎడమ అరచేత్తో తడుతోంది. తట్టే చప్పుడు కుంటుతోంది. నేను లేచిపోయిన మూడో రోజు ఎసరు దించుతుంటే కుండ జారి మరిగే నీళ్ళు చేతి మీద పడ్డాయట. ఇది నాకు తర్వాత గుంటూరు గుమాస్తా చెప్పాడు. నేను చెయ్యి ఎత్తి ఆపకపోయి ఉంటే ముందే చెప్పి ఉండేవాడు.

ఆమె నన్ను చూసి లేవబోయింది. తర్వాత ఊరికే ఉండిపోయింది. ఇక దాచి లాభం లేదని తెలిసింది కాబోలు. పళ్ళెంలో రొట్టె వేసి ఊరిబిండి పెట్టి నా ముందుకు జరిపింది. నేను కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి గదా అని, నేను రాసింది నీకు తెలుసా అని అడిగాను.

"తెలుసు. ఉండేదే రాసినావు" అంది. "ఒక పక్క మందంగానే ఉండాది. మా ఆయన గూడా అన్యాడు."

చెయ్యి సంగతి తెలియదు అన్నాను. ఇప్పుడే పోయి సూపరింటెండెంటుకు చెబుతాను, కాలిన చేత్తో చేసిన రొట్టెకు అట్లా రాయడం తప్పు, కాగితం తిరగరాస్తాను అన్నాను. లేచాను కూడా. ఆమె పొయ్యి పక్క నుంచి ఎడమ చెయ్యి చాచి, మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"వద్దు సామీ. చెయ్యి మాట యాడా ఎత్తొద్దు. మందమంటే రేపు పల్చన చేసుకుంటా. ఎడమ చెయ్యని తెలిస్తే మళ్ళీ ఎవరన్నా తింటారా ఈడ? మీ ఇండ్లల్లో తింటారా?"

మా ఇంట్లో తినరు. మా చిన్నమ్మ కట్టెలు మోస్తూ నా కళ్ళ ముందు నిలబడింది. నేను కూర్చుండిపోయాను. నా పళ్ళెంలో ఉన్నది కూడా ఎడమ చేతి రొట్టే. ఆమె నా చేతినే చూస్తోంది. ముక్క తుంచి, ఊరిబిండి అద్దుకొని తిన్నాను. ఆమె మళ్ళీ పీట వైపు తిరిగి, "చింతపండు చాలునా?" అని అడిగింది. చాలింది. నేను తగ్గింది అన్న మర్నాటి నుంచి అదే పాళ్ళలో వేస్తోందట. ఆ సంగతీ నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరికీ చెప్పే అవకాశం నేను ఇవ్వలేదు.

అప్పుడే ఆయన కావడితో వచ్చాడు. బిందెలు దించి, నా వైపు చూసి, తాగడానికి చెంబు నిండా నీళ్ళు పెట్టి మళ్ళీ పోయాడు. కొళాయి ఉండి ఉంటే ఆ నడక ఉండేది కాదు. అప్పటి వరకు నన్ను అవమానించిన వాళ్ళనే నేను మనసులో వరసగా రాసి పెట్టుకున్నాను. ఆ వరసలో నా పేరు కూడా చేర్చాల్సి వస్తుందని అనుకోలేదు. చేర్చాను. చిరిగిన ఓళిగ కంటే పైన.

నేను ఊరుకునేవాణ్ణి కాను. మరునాడే నా రిపోర్టు మీద నేనే ఒక ఫిర్యాదు రాసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని చదివాడు.

"ఏమయ్యా, నీ రిపోర్టులో అబద్ధం ఉందా?"

లేదండీ అన్నాను.

"మరి ఇదెందుకు?"

నాలుగో వాక్యం సంగతి తెలియకుండా రాశాను, దానికి కారణం వేరే ఉంది అన్నాను. ఆ కారణం రాసి తెమ్మన్నాడు. రాయలేనండీ అన్నాను. ఆయన నా కాగితాన్ని తిరగేసి వెనక వైపు కూడా చూశాడు. తెలిసిన ప్రతి కారణాన్నీ పేజీల కొద్దీ రాసేవాణ్ణని ఆఫీసులో అందరికీ తెలుసు. కారణం లేకుండా నేను రాసిన మొదటి ఫిర్యాదు అది. అట్లాంటివి మొత్తం ఏడు రాశాను, వారానికొకటి. ప్రతిదాని మీద ఆయన ఎర్ర సిరాతో ‘చూశాను, దాఖలు చేయండి’ అని రాసి పంపేవాడు. ఏడోదాని మీద మాత్రం కింద ఇంకో మాట ఉంది, ఇక చాలు అని. దస్తూరీలో కోపం లేదు.

షెడ్డు ఆమెకు రాలేదు. అది తెచ్చి ఇచ్చానని రాసుకోగలిగితే నాకూ బాగుండేది. నేను చేయగలిగింది ఒకటే చేశాను. రాజధాని కర్నూల్లో ఉన్నన్నాళ్ళూ ఆ షెడ్డు గడప తొక్కలేదు. మధ్యాహ్నం కాగానే గొడుగు తీసుకొని ఆ ఎండలో హంద్రీ దారి పట్టేవాణ్ణి. గుంటూరు గుమాస్తా తోడు వచ్చేవాడు. మా మధ్య మాటలు మళ్ళీ ఎప్పుడు మొదలయ్యాయో గుర్తు లేదు, నాకు గుర్తు లేని కొద్ది సంగతుల్లో అదొకటి. షెడ్డు తెరిచాక జనం అటు మళ్ళారు గనక మొదట ఇద్దరం, తర్వాత ఐదుగురం, వానాకాలానికి ఇరవై మంది దాకా అయ్యాం. గుంజ మీద కాగితంలో ఆమె పేరు మళ్ళీ మొదటి వరసకు ఎక్కించాను, దాని కింద ఏమీ రాయలేదు. అందరూ వచ్చే వేళకు ముందే ఆమె రొట్టెలు తట్టి గుడ్డ కప్పి పెట్టుకునేది. ఎవరైనా గోనెపట్టా వైపు వంగితే గుంటూరు గుమాస్తా ఏదో ఒకటి అడిగి ఇటు తిప్పేవాడు. అతని ఆలస్యపు నవ్వు అందుకు బాగా పనికొచ్చింది. నవ్వుతున్నాడెందుకని అందరూ అతన్నే చూసేవాళ్ళు.

చెయ్యి మానింది. గోనెపట్టా తీసేసింది. కాని చివరి రెండు వేళ్ళూ సాగలేదు, లోపలికి వంగి ఉండిపోయాయి. కుడి చేత్తో తట్టినా ఆ రెండు వేళ్ళ కింది భాగం పల్చబడేది కాదు. రొట్టె ఒక పక్క మందంగానే వచ్చేది. కొత్తగా వచ్చిన వాళ్ళు అది ఆ ఊరి పద్ధతి అనుకున్నారు. గుంటూరు గుమాస్తా అయితే, "అక్కా, ఆ మందం పక్క నాకు వేయండి, పప్పు బాగా పీలుస్తుంది" అని అడిగి వేయించుకునేవాడు. చూసి చూసి ఇంకొంతమంది కూడా అడగడం మొదలుపెట్టారు. నేను ఎప్పుడూ అడగలేదు. నాకు అదే వేసేది.

తర్వాత రాజధాని హైదరాబాదు పోయింది. డేరాలు విప్పారు, ఫైళ్ళు పెట్టెల్లో కట్టారు. షెడ్డు రేకులు కూడా విప్పి ఎవరో తీసుకుపోయారు. గచ్చు, ఆ కొళాయి మాత్రం మిగిలాయి. బయలుదేరే రోజు పొద్దున నేను పోయేసరికి ఆమె ఎండబెట్టిన రొట్టెలు పన్నెండు ఒక గుడ్డలో మూటగట్టి పెట్టింది. గట్టిగా ఎండినవి చాలా రోజులు ఉంటాయి. మూట నా చేతికి ఇచ్చి, "మందమున్న పక్క ముందు తినుప్పా. పల్చనిది నిలవుంటాది" అంది. ఏమైనా వంక ఉందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన కావడి దించి మా ఇద్దరినీ చూసి తల ఊపాడు. ఆ కొళాయి నుంచి నీళ్ళు పట్టుకోవచ్చేమో కనుక్కోమని ఆయనతో అన్నాను. వాచ్‌మన్‌కు నేనే చెప్పి వచ్చాను, ఒక కాగితం కూడా రాసి ఇచ్చాను. అది పనిచేసిందో లేదో తెలియదు. నాలుగేళ్ళ తర్వాత నేను మళ్ళీ కర్నూలు వచ్చినప్పుడు గోడ ఉంది, పందిరి లేదు. చుట్టుపక్కల అడిగితే ఒకరు పల్లెకు పోయారన్నారు, ఒకరు ఆదోనికి అన్నారు.

ఇంతవరకు ఈ ఎడమ చేతి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఆమె రొట్టెను తోసేసేవాళ్ళు ఎవరూ లేరు. తిన్న ఇరవై మందిలో ఇంకా బతికి ఉన్నవాళ్ళు ఎంతమందో.

ఆ కొత్త హోటల్లో మా మేనకోడలు గడియారం చూసుకుంటోంది. మేనేజరు చేతులు కట్టుకొని నవ్వు ముఖంతో నిలబడి ఉన్నాడు. పళ్ళెంలో మిగిలిన రొట్టె ముక్కను తీసి కిటికీ వెలుతురుకు పట్టాను. ఎక్కడా ఒక వేలి గుర్తు లేదు. మిషను మీద ఒత్తుతారట, ఒకదానికి ఒకటి తేడా రాదట. మేనేజరు సంతోషంగా చెప్పాడు. అట్టముక్క తీసుకొని, రెండు గీతలకూ సరిపోయేటట్టు చిన్న అక్షరాలతో రాశాను. రొట్టె అంతా ఒకే మందంగా ఉంది, ఎవరు చేశారో తెలియడం లేదు. మేనేజరు చదివి, థాంక్స్ సార్ అని దాన్ని గోడ మీద మెచ్చుకున్నవాళ్ళ కార్డుల పక్కన గుచ్చాడు. అది మెచ్చుకోలు కాదని చెబుదామని లేచాను. మా మేనకోడలు మోచెయ్యి పట్టుకుంది. ఈసారి ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో కాలం ఎన్నో అంచులను అరగదీసి ఒకే పల్చనకు తెచ్చింది, దాని మీద ఫిర్యాదు రాసుకోవడానికి ఆ కార్డులో గడి లేదు.